తెల్లనివన్నీ ఒకే తెలుపు కావు

ప్రశ్న: నేనూ మరో ఇద్దరు మిత్రులమూ కలిసి 1970ల నాటి నాలుగు సీట్ల చిన్న విమానం ఒకటి కొన్నాము. ఒకే ఇంజను, అల్యూమినియం రేకు, తెల్లటి పూత, పక్కలకు ఎర్ర చారలు. కౌలింగ్ (ఇంజను మీది కప్పు) ముందు అంచునా తలుపుల దగ్గరా రంగు పెచ్చులుగా లేచి రేకు బయటపడింది. పాత కాగితాలలో ఆ తెలుపు పేరు దొరకగా, అదే పేరుతో డబ్బా తెప్పించి వేశాము. వేసిన చోటు ఇరవై అడుగుల దూరం నుంచి కూడా అతుకులా కనిపిస్తున్నది. పైగా ఒక చోట చుట్టూ ఉన్న పాత పూత ముడతలు పడింది. మొత్తం విమానానికి రంగు వేయించే స్తోమత ప్రస్తుతం మాకు లేదు. సరిగ్గా కలిసే రంగును ఎలా సంపాదించాలి?

జవాబు: మీరు తెప్పించిన డబ్బాలో తప్పేమీ లేదు. ఆ విమానం కర్మాగారం గేటు దాటిన నాటి రంగు అందులో ఉంది, మీకు కావలసినది మాత్రం ఈనాటి రంగు. దశాబ్దాల ఎండలో అతినీలలోహిత కిరణాలు పూతను పట్టి ఉంచే రెజిన్‌ను కొద్దికొద్దిగా తినేస్తాయి. దానితో తెలుపుకు మూలమైన టైటానియం డయాక్సైడ్ రేణువులు పట్టు వదిలి పైకి తేలతాయి. పాత విమానం రెక్క మీద వేలు రాస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లగా అంటుకునేది అదే. కాబట్టి కాగితం మీది పేరును వెతుకులాటకు ఆరంభంగా తీసుకోండి గాని, అంతిమ తీర్పుగా తీసుకోకండి. మీది సెస్నా కంపెనీ విమానం అయితే తలుపు స్తంభం దగ్గర రంగు, లోపలి అలంకరణల సంకేతాలతో చిన్న పలక ఉండాలి. అయితే ఇంత వయసున్న విమానానికి మధ్యలో ఒకసారైనా కొత్త రంగు పడి ఉండే అవకాశం ఎక్కువ గనుక, ఆ పలకకన్నా లాగ్‌బుక్‌లో (విమానానికి చేసిన పనుల రికార్డులో) రంగు పని గురించి రాసిన పుటలే ఎక్కువ నమ్మదగినవి.

ఛాయ సంగతికి ముందు ముడతల సంగతి తేల్చుకోవాలి. నా దృష్టిలో మీ అసలు పొరపాటు అక్కడే జరిగింది. రంగు కలవడంకన్నా ముందు పూత జాతి కలవాలి. ఆ కాలపు విమానాల మీద అక్రిలిక్ లాకర్ (ద్రావకం ఆవిరై ఆరే పూత) గాని, సింథటిక్ ఎనామెల్ (గాలి తగిలి గట్టిపడే పూత) గాని, తరువాత వేయించినదైతే రెండు భాగాలు కలిపి వాడే పాలీయురితేన్ గాని ఉంటుంది. ఏది ఉన్నదో తెలుసుకోవడానికి, ఎవరి కంటా పడని ఒక మూలలో, లాకర్ థిన్నర్‌లో (లాకర్‌ను పలుచన చేసే ద్రావకంలో) ముంచిన దూదిని కొన్ని సెకన్లు అద్ది పట్టుకోండి. దూదికి తెల్లటి రంగు ధారాళంగా ఎక్కితే అది లాకర్. పూత మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్. ఏమీ జరగకుండా దూది శుభ్రంగా వస్తే అది బాగా గట్టిపడిన పాలీయురితేన్. ఎనామెల్ మీద లాకర్ వేస్తే దానిలోని ఘాటైన ద్రావకం కింది పొరను లేపుతుంది, మీకు ముడతలు వచ్చిన కారణం బహుశా ఇదే. ఈ పరీక్ష చేసేటప్పుడు కిటికీలకు దూరంగా ఉండండి. అవి కూడా అక్రిలిక్ ప్లాస్టిక్ కావడంతో థిన్నర్ చుక్క పడితే సన్నటి పగుళ్లతో మసకబారిపోతాయి, అప్పుడు రంగు ఖర్చే నయమనిపిస్తుంది.

ఇక ఛాయ విషయం. పెచ్చు లేచిన చోటికి దగ్గరలో అరచేయంత మేర సబ్బునీటితో కడిగి, రబ్బింగ్ కంపౌండ్‌తో (పూతను సన్నగా అరగదీసే ముద్దతో) సుద్ద పొరంతా పోయేదాకా రుద్దండి. దాని కింద బయటపడిన తెలుపుకే మీరు జోడీ వెతకాలి. చాలామంది ఇక్కడే తొందరపడి మాసిన రంగుకు జోడీ కలిపించుకుంటారు, తరువాత ఎప్పుడో విమానాన్ని పాలిష్ చేయించిన రోజున కొత్త చుక్కలు మరకల్లా తేలతాయి. ఫొటో తీసి పంపడం దండగ, ఎందుకంటే కెమెరా తెలుపును తనకు తోచినట్టు సర్దేస్తుంది. మరలతో బిగించిన తనిఖీ మూతల్లో ఒకదాన్ని విప్పి, అదే విధంగా కంపౌండ్ పట్టించి, రంగులు కలిపే చోటికి స్వయంగా తీసుకువెళ్లండి. రెక్క అడుగున ఉండే మూత పైభాగంకన్నా తక్కువ ఎండ తిన్నది కాబట్టి, మరమ్మతు ఎక్కడో ఆ పక్క నుంచే మూత తీసుకోవాలి. మూత అంచు కింద దాగిన రంగు మాత్రం అసలు తెలుపు ఎలా ఉండేదో చెప్పే సాక్షి మాత్రమే, దానికి జోడీ కలపకండి.

రంగులు కలిపేవారి దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటుంది. అది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఒక్కొక్క తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగు తిరిగి వస్తున్నదో కొలిచి, ఏ రంగులు ఎంత పాళ్లలో కలపాలో సూచిస్తుంది. తెలుపు అన్నది ఒక్క రంగు అనుకుంటాము గాని, విమానాల తెలుపులలో చిటికెడు నలుపో, పసుపో, ఎరుపో కలిసి ఉంటుంది. ఒకటి పాలనురుగులా ఉంటే మరొకటి గుడ్డు పెంకులా ఉంటుంది. యంత్రం ఇచ్చిన పాళ్లను గుడ్డిగా నమ్మకుండా ఒక అల్యూమినియం ముక్క మీద వేయించి, పూర్తిగా ఆరనిచ్చి, దాన్ని విమానానికి ఆనించి చూడండి. ఒకసారి ఎండలో, ఒకసారి నీడలో, ఒకసారి హ్యాంగర్ (విమానాన్ని ఉంచే షెడ్డు) దీపం కింద చూడాలి. వేర్వేరు వర్ణకాలతో చేసిన రెండు తెలుపులు ఒక వెలుగులో కవలల్లా ఉండి మరో వెలుగులో పరాయివాళ్లు కావడం ఈ పనిలో మామూలే. తడి రంగును చూసి మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి.

వేసే పద్ధతి మీద కూడా కంటికి కలవడం ఆధారపడుతుంది. పెచ్చు లేచిన చోటు చుట్టూ మెట్టులా తగిలే పాత అంచును 400 నంబరు వాటర్ పేపర్‌తో వాలుగా దిగేలా అరగదీయండి. రివెట్ తలలను మాత్రం రుద్దకండి, రేకు పైనున్న శుద్ధ అల్యూమినియం పొర చాలా పలుచన, అదే తుప్పుకు అడ్డు. స్టీల్ ఊల్ అసలు ముట్టుకోవద్దు, దాని ఇనుప నలుసులు అల్యూమినియంలో దిగబడి తుప్పు మొదలెడతాయి. పెచ్చు కింద ఆకుపచ్చ పసుపు ప్రైమర్ (అడుగు పూత) కనిపిస్తే అది జింక్ క్రోమేట్, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం కాబట్టి తడిపి మాత్రమే రుద్దాలి. బోసి రేకుకు ఎపాక్సీ ప్రైమర్ తప్పనిసరి. పైపూతను రేకు నడిమధ్య ఆపకుండా రెండు రేకులు కలిసే అతుకు గీత దాకానో, ఎర్ర చార అంచు దాకానో తీసుకువెళ్లి ఆపండి. కొద్దిపాటి తేడా ఉన్నా అక్కడ కన్ను దాన్ని పట్టుకోలేదు. పాలీయురితేన్‌ను స్ప్రే చేయవలసి వస్తే, గట్టిపరిచే భాగంలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి గనుక, బయటి గాలి అందించే మాస్కు లేకుండా ఆ పనికి దిగకండి.

ప్రశ్న: అదే రంగుతో ఎలివేటర్ (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) వెనుక అంచున రాలిన చోట కూడా మేమే వేసుకోవచ్చా?

జవాబు: వేయకండి. ఎలివేటర్, రెక్కల వెనుక అంచున ఉండే ఐలెరాన్, తోక నిలువు పలక వెనుక ఉండే రడ్డర్‌లు కీలు మీద తూకంగా నిలిచేలా తయారైన భాగాలు. కీలుకు వెనుక చేరిన కొద్ది గ్రాముల రంగు కూడా ఆ తూకాన్ని మార్చగలదు, తూకం తప్పితే ఎక్కువ వేగంలో ఆ భాగం రెపరెపలాడి విరిగే ప్రమాదం ఉంటుంది. దీన్నే ఫ్లట్టర్ అంటారు. అమెరికా విమానయాన నియమాలలోని 43వ భాగం అలంకారపు పూతలను యజమాని అయిన పైలట్ తానే సరిచేసుకోవడానికి అనుమతిస్తూనే, తూకం వేసిన ఈ కంట్రోల్ భాగాలను ప్రత్యేకంగా మినహాయించింది. మీ విమానం ఎక్కడ నమోదైనా ఈ పనిని లైసెన్సున్న ఇంజనీరుకే అప్పగించండి. మాన్యువల్‌లో ఉన్న కొలతలతో తూకం సరిచూసి లాగ్‌బుక్‌లో రాయడం కూడా ఆయన పనే. బయటి గాలి పీడనాన్ని పరికరాలకు అందించే స్టాటిక్ పోర్ట్ రంధ్రాల దగ్గరా ఇంతే జాగ్రత్త అవసరం. వాటి అంచున ఒక్క రంగు దిబ్బ నిలిచినా ఎత్తు, వేగం చూపే ముళ్లు అబద్ధం చెబుతాయి.

ప్రశ్న: ఫ్రిజ్‌లకు వేసే తెల్ల టచప్ సీసాలు చౌకగా దొరుకుతున్నాయి. సరిపోతాయా?

జవాబు: చక్రాల మీది కవచాల అంచున రాయి తగిలిన చుక్కలకు చాలామంది వాడుతూనే ఉన్నారు, నేనూ వాడాను. ఇంధనం పోసే మూతల చుట్టూ మాత్రం వద్దు. పెట్రోలు జారి నీలిరంగు చారలు కట్టే ఆ చోట మామూలు ఎనామెల్ కొద్ది నెలల్లోనే మెత్తబడి, గోటితో గీస్తే ఊడి వచ్చేస్తుంది.