అల్లుడా, విజిట్ వీసా మీద పనికి పోకు

అల్లుడా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వీసా కాపీ చూశాను. దుబాయ్ పని గురించి ఏజెంట్ చెప్పిన ముచ్చటంతా మీ అవ్వ ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పింది. లక్షా ముప్పై వేలు, సగం ఇప్పుడు, సగం టికెట్ చేతికొచ్చాక, దిగిన వారానికే పని, నెలకు 1,500 దిర్హాములు, రూమ్ కంపెనీదే. వినడానికి బాగానే ఉంది గానీ, నువ్వు పంపిన కాగితంలో ఆ కంపెనీ పేరు ఎక్కడుంది? స్పాన్సర్ అన్న చోట ఏదో ట్రావెల్స్ పేరుంది, పైన టూరిస్ట్ అని ఉంది, ఉండే గడువు 60 రోజులని ఉంది. అది చుట్టంచూపుకు పోయేవాళ్ల వీసా. దాని మీద పోతే బుర్జ్ ఖలీఫా కింద నిలబడి ఫోటో దిగొచ్చు, పైకెక్కి వైరింగ్ చేయరాదు.

అక్కడికి పోయాక మారుస్తారు మామా, మన ఊరోళ్లు చాలామంది అట్లనే పోయారు అంటావని తెలుసు. అది అబద్ధం కాదు, దేశం దాటకుండానే విజిట్‌ను పని వీసాగా మార్చే దారి దుబాయ్‌లో ఉంది. కాకపోతే ఆ దరఖాస్తు పెట్టాల్సింది కంపెనీ, నువ్వు కాదు, ఇక్కడి ఏజెంట్ అసలే కాదు. నువ్వు నిజంగా కావాలనుకున్న కంపెనీ, నువ్వు కోరుట్లలో ఉండగానే పని వీసా ఎంట్రీ పర్మిట్ తీసి పంపొచ్చు కదా, ఎందుకు పంపట్లేదో అడిగావా? చాలాసార్లు అసలు కంపెనీయే ఉండదు, ఉన్నా ముందు నెలన్నర పని చేయించుకొని చూద్దాం, నచ్చకపోతే గడువు అయిపోతుంది కదా వాడే పోతాడు అన్న లెక్క ఉంటుంది. ఆ నెలన్నర నువ్వు ఏ రికార్డులోనూ ఉండవు. కార్మిక శాఖ దగ్గర కాంట్రాక్టు ఉండదు, జీతం బ్యాంకులో పడదు, నిచ్చెన మీద నుంచి పడితే ఆసుపత్రి ఖర్చు నీదే, డబ్బులివ్వలేదని ఫిర్యాదు చేద్దామన్నా ముందు నువ్వే తప్పు చేసినవాడివి అవుతావు.

పర్మిట్ లేనివాళ్లతో పని చేయించుకునే యజమానికి 2024లో జరిమానా 1 లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా పెంచారు. మంచిదే, కానీ దాని ఫలితం ఏందంటే తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే మొదట నిన్నే వెనక గేటు నుంచి పంపిస్తారు. ఇక గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల ఫైన్. నెలకు 1,500. నీకు ఇస్తానన్న జీతం ఎంతో ఫైన్ కూడా అంతే. ఇటు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఊర్లో పెరుగుతూ ఉంటుంది. మన దిక్కు ఖల్లివెల్లి అయి, అంటే కాగితాలు లేకుండా, అక్కడ తలదాచుకున్న పిల్లల్లో ఎంతమంది ఇట్లనే మొదలయ్యారో మీ అవ్వనే అడుగు, మన వాడకట్టులోనే చెప్తుంది. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా యూఏఈ ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ఇస్తే కొందరు ఫైన్ లేకుండా బయటపడ్డారు, కానీ అది ఎప్పుడిస్తారన్నది వాళ్ల ఇష్టం. దాన్ని నమ్ముకొని విమానం ఎక్కరాదు.

సరే, అసలు పని వీసా ఎట్లుంటుందో చెప్తా, నువ్వే పోల్చి చూసుకో. ముందు ఆఫర్ లెటర్ వస్తుంది, అది అక్కడి కార్మిక శాఖ ఫారంలో ఉంటుంది, కంపెనీ లెటర్‌హెడ్ మీద టైప్ చేసింది కాదు. హిందీలో కూడా ఇస్తారు, అడిగి తీసుకో, ఇంగ్లిష్ రాదని చూపించిన చోటల్లా సంతకం పెట్టకు. దాని మీద నువ్వు సంతకం పెట్టాకే ఎంట్రీ పర్మిట్ వస్తుంది. అందులో స్పాన్సర్ దగ్గర కంపెనీ పేరు, ప్రొఫెషన్ దగ్గర నీ పని ఉంటాయి. ఏజెంట్ ఎలక్ట్రీషియన్ అన్నాడు, కాగితంలో క్లీనర్ అనో లేబర్ అనో ఉంది అనుకో, అక్కడ నువ్వు చేసేది కాగితంలో ఉన్న పనే, ఐటీఐ చదివినా సరే. నేను షార్జాలో ఉన్న రోజుల్లో మా రూమ్‌లో వెల్డర్ సర్టిఫికెట్ ఉన్న పిల్లగాడు ఒకడు బాత్రూమ్‌లు కడిగాడు, వానికి పని రాక కాదు, వాని వీసాలో అట్ల ఉంది.

జీతం ఎంతని కాదు, బేసిక్ ఎంతని అడుగు. 1,500లో బేసిక్ 700 పెట్టి మిగతాది అలవెన్స్ అని రాసే కంపెనీలు బోలెడు. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ, మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల లెక్కన, బేసిక్ మీదే కడతారు. ఓవర్‌టైమ్‌కు కూడా ఆ బేసిక్కే ఆధారం. ఈ ఒక్క గడి దగ్గర మోసపోయినవాళ్లు మోసపోయామని తెలియకుండానే తిరిగొస్తారు.

కాగితం అసలుదో నకిలీదో ఇంట్లో కూర్చొనే చూడొచ్చు. ఫైల్ నంబర్ 201తో మొదలైతే దుబాయ్‌ది, 101 అయితే అబుదాబిది, 301 అయితే షార్జాది. దుబాయ్‌దైతే అక్కడి ఇమిగ్రేషన్ శాఖ జీడీఆర్‌ఎఫ్‌ఏ వెబ్‌సైట్‌లో, మిగతావైతే యూఏఈ కేంద్ర ఇమిగ్రేషన్ సంస్థ ఐసీపీ వెబ్‌సైట్‌లో ఫైల్ నంబర్, పాస్‌పోర్టు వివరాలు కొడితే ఉందో లేదో, ఏ రకమో వస్తుంది. ఏజెంట్ తన ఫోన్‌లో చూపించే స్క్రీన్‌షాట్ లెక్కలోకి రాదు. నువ్వే టైప్ చెయ్యి. ఇంకోటి, ఆ దేశం చట్టం ప్రకారం వీసా ఖర్చు, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ ఖర్చు అన్నీ కంపెనీవే. "వీసా కొన్నాం" అని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు చూడు, అది కొనేది కాదు. కొన్నామంటే మధ్యలో ఎవడో తిన్నాడని అర్థం.

ఇప్పుడు ఆ ఏజెంట్ సంగతి. ఆయనకు లైసెన్స్ ఉందా అంటే హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు ఉంది, నేను వాళ్ల సబ్ ఏజెంట్‌ను అన్నాడట. 1983 ఎమిగ్రేషన్ చట్టంలో సబ్ ఏజెంట్ అనే మనిషికి చోటే లేదు. కేంద్రం నడిపే ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా ఉంది, ఆ హైదరాబాద్ ఆఫీసు పేరు అందులో వెతుకు, లైసెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూడు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయినా నీ దగ్గర తీసుకోవాల్సింది 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 దాటరాదు, రసీదు ఇవ్వాలి. ఈయన 1,30,000 అడుగుతున్నాడు, రసీదు మాటెత్తితే నమ్మకం లేదా తమ్మీ అన్నాడట. ఉంటే రసీదు ఇస్తే ఏం పోయింది? మీ బాపు కూడా బాపే, పెండ్లి సంబంధానికి నాలుగు ఊర్లు తిరిగి విచారించే మనిషి, రెండేండ్లు కొడుకును పంపే కంపెనీ గురించి ఒక్కరికి ఫోన్ చేయలేదు.

నీ పాస్‌పోర్టులో ఈసీఆర్, అంటే పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న ముద్ర, ఉందని మీ అవ్వ చెప్పింది. పదో తరగతి పాసైనవాడికి అది ఉండాల్సిన పని లేదు, తీయించినప్పుడు మెమో పెట్టకపోతే అట్ల పడుతుంది. ఈసీఆర్ ఉన్నవాడు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి క్లియరెన్స్ కావాలి, ఈమైగ్రేట్‌లోనే కాంట్రాక్టు చూసి ఇస్తారు, దాంతో పాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు, పైన పన్ను, ప్రమాదంలో ఏమైనా అయితే ఇంటికి 10 లక్షలు. ఏజెంట్‌కు ఈ దారి ఇష్టం ఉండదు, ఎందుకంటే కాంట్రాక్టు చూపాలి. అందుకే విజిట్ మీద పంపుతున్నాడు. మెమో పెట్టి రీఇష్యూకు దరఖాస్తు చేస్తే ఈసీఆర్ తీసేస్తారు, ఫీజు 1,500, కరీంనగర్ గానీ నిజామాబాద్ గానీ పాస్‌పోర్టు కేంద్రంలో అయిపోతుంది. చేయించు, తొందర లేదు. అసలు పని వీసా ఉంటే ఈసీఆర్‌తో పోయినా నష్టం లేదు, చెప్పాలంటే మొదటిసారి పోయేవాడికి అదే కొంత రక్షణ అని నా అభిప్రాయం. ఆ పాస్‌పోర్టుతో విజిట్ మీద శంషాబాద్ పోతే మాత్రం ఇమిగ్రేషన్ వాళ్లు ఊరికే వదలరు. ఎందుకు పోతున్నావు, తిరుగు టికెట్ ఏది, ఎక్కడ ఉంటావు, ఖర్చులకు దిర్హాములు ఉన్నాయా అని విమాన కంపెనీ కౌంటర్ దగ్గరే మొదలవుతుంది. అక్కడ తడబడితే ఆఫ్‌లోడ్, అంటే విమానం ఎక్కనివ్వరు, టికెట్ డబ్బులు పాయె.

మొదటి పేజీలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో కూడా చూడు, మన దిక్కు చాలామంది పాస్‌పోర్టుల్లో పేరంతా ఒకే గడిలో ఉంటుంది. 2022 నవంబర్ నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులతో యూఏఈ ఇబ్బంది పెడుతోంది. ఎట్లాగూ రీఇష్యూకు పోతావు కాబట్టి రెండూ ఒకేసారి సరిచేయించు. గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలన్నది నీకు తెలిసిందే.

అప్పు తేవడానికి ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకో, జగిత్యాలలో తీయించుకో చాలు, కరీంనగర్ దాకా పోనక్కర్లేదు. మీ తాతకు టీబీ ఉన్నప్పుడు నువ్వు రోజూ ఆయన పక్కనే పడుకునేవాడివి, నాకు గుర్తుంది. సౌదీ, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌కైతే ఇక్కడే వాఫిద్ అనే గల్ఫ్ దేశాల మెడికల్ పరీక్ష చేస్తారు, పాత మచ్చ కనబడినా అన్‌ఫిట్ అనే ప్రమాదం ఉంది. దుబాయ్‌కైతే దిగాక టీబీ, హెచ్‌ఐవీ పరీక్షలు చేస్తారు, అక్కడ ఫెయిలైతే తిరుగు విమానమే. డబ్బు కట్టాక తెలిసేకంటే మూడొందల ఎక్స్‌రేతో ముందే తెలియడం నయం. ఏమీ ఉండదులే, టెన్షన్ పడకు.

సామాను గురించి మీ అవ్వకు నేను వేరేగా చెప్తాను కానీ నువ్వూ విను. గసగసాలు పెట్టరాదు. అక్కడ అవి మత్తు పదార్థాల లెక్క, మటన్ మసాలా పొడిలో కలిపినా తప్పే, ఇంటి మసాలా పంపాలనుకుంటే గసగసాలు లేకుండా దంచమను. గుట్కా, పాన్ ఆకు వద్దు. నడుం నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చే కొన్ని గోలీల్లో ట్రమడాల్ గానీ ప్రెగాబాలిన్ గానీ ఉంటాయి, కొన్ని దగ్గు మందుల్లో కోడీన్ ఉంటుంది, ఇవేవీ ఊరికే పట్టుకుపోరాదు, తప్పనిసరైతే డాక్టర్ చీటీ పెట్టుకొని అక్కడి ప్రభుత్వ పర్మిషన్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ఎవరైనా "మా వానికి ఇయ్యి బిడ్డా" అని కవర్ పట్టుకొస్తే, అది అత్తమ్మ అయినా, సర్పంచ్ అయినా, విప్పి ప్రతి పొట్లం చూడు, చూడనివ్వకపోతే తీసుకోకు. మొహమాటానికి పోయి జైల్లో కూర్చున్నవాళ్లు ఉన్నారు, పొట్లం ఎవరిదైనా బ్యాగ్ నీది.

ఇవన్నీ చెప్పి నిన్ను ఇంట్లో కూర్చోమంటున్నానా అంటే కాదు. నీ చేతిలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉంది, దానికి గల్ఫ్‌లో గిరాకీ ఉంది. రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అని సంస్థ ఉంది, హైదరాబాద్‌లో ఆఫీసు, విదేశీ కంపెనీలకు మనుషులను పంపుతుంది, అందులో పేరు నమోదు చేసుకో. నెమ్మదిగా అవుతుంది, రేపు పొద్దున్నే ఎవరూ ఎక్కించరు, అది నిజం. ఖతర్ మీద కూడా కన్నేసి ఉంచు, దానికి హైదరాబాద్‌లోనే ఖతర్ వీసా సెంటర్ ఉంది, వేలిముద్రలు, మెడికల్, కాంట్రాక్టు సంతకం అన్నీ విమానం ఎక్కకముందే అక్కడే అయిపోతాయి, కాంట్రాక్టులో ఏముందో సంతకానికి ముందే కనబడుతుంది. నన్నడిగితే కొత్తగా పోయేవాడికి ఈ పద్ధతి మంచిది.

ఏజెంట్‌కు అడ్వాన్స్ ఇవ్వకు, ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచకుండా ఎంతిచ్చావో చెప్పు, నేనొచ్చి మాట్లాడతా. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉందని మీ అవ్వ మాటల్లో అనిపించింది, ముందు అది తెచ్చుకో, కాపీ ఉంటే చాలు ఆయనకు. అక్కడికి పోయాక కూడా కంపెనీ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడం యూఏఈ చట్టానికి విరుద్ధం. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫోటోలు మీ అవ్వ ఫోన్‌లో, నా ఫోన్‌లో వేసి పెట్టు. యూఏఈలో ఏ ఇబ్బంది వచ్చినా మన రాయబార కార్యాలయం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ 800 46342, మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు, ఇంటి నుంచి మీ బాపు అయినా పెట్టొచ్చు.

ఎక్స్‌రే రిపోర్టు రాగానే పంపు.

మీ మామ,
మెట్‌పల్లి