ఎర్రటి బొగ్గుకు పొగ ఉండదు, విషం ఉంటుంది

చలికాలపు నిప్పు గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి కాన్పై పన్నెండు రోజులైంది. రాత్రిళ్లు బాలింత మంచం కింద కుంపటి పెట్టాలని వాళ్ల అత్తగారి పట్టు. బొగ్గులు బాల్కనీలో రాజేసి, పొగ పూర్తిగా పోయాకే లోపలికి తెస్తారట. పక్కన గిన్నెలో నీళ్లు కూడా పెడతారట. పర్వాలేదా?
– ఓ తల్లి, మియాపూర్

జవాబు: పెట్టనివ్వకండి. ఆవిడ జాగ్రత్తలన్నీ పొగకు పనికొస్తాయి గానీ కార్బన్ మోనాక్సైడ్‌కు కాదు. కట్టె మండితే కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది, లేచి తలుపు తీస్తాం. బొగ్గు ఎర్రగా రాజుకున్నాక ఆ హెచ్చరికలేవీ ఉండవు. రంగూ వాసనా లేని ఆ వాయువు మాత్రం నివురు గప్పినా వస్తూనే ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తలనొప్పి తెలిసేలోపే స్పృహ పోవచ్చు. ఇక గిన్నెలో నీళ్లంటారా, ఆ వాయువు నీళ్లలో దాదాపు కరగదు. గాలికి కాస్త తేమ చేరుతుంది, అంతే.

‘మా రోజుల్లో ఏమైంది?’ అని ఆవిడ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి, చూరు కిందనుంచి గాలి ఆడేది. మీ ఫ్లాట్‌లో పైన స్లాబు, కిటికీలకు రబ్బరు పట్టీల స్లైడింగ్ అద్దాలు. కిటికీ రెండంగుళాలు తెరిస్తే చాలా అంటే, చాలుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

వెచ్చదనమే కావాలంటే ఆయిల్ నింపిన రూమ్ హీటర్ తెచ్చుకోండి. పడుకోబోయే ముందు అరగంట వేస్తే గది వెచ్చబడుతుంది. మంచానికి, దుప్పట్లకు మూడడుగుల దూరంలో ఉంచండి. పగలు మెలకువగా ఉన్నప్పుడు బిడ్డను తల్లి ఒంటికి హత్తుకోనివ్వండి, దాన్ని మించిన కుంపటి లేదు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ మీద బిడ్డను పట్టడం కూడా మానేయండి. పసి ఊపిరితిత్తులకు ఆ పొగ మంచిది కాదు.

ఒకటి గుర్తుంచుకోండి. నిప్పున్న గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం మొదలైతే అది అజీర్తి కాదు. అందరూ బయటికి వచ్చి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మకండి. విషవాయువు పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుంది.

ప్రశ్న: జనవరిలో మిషిగన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. వాళ్లు కొన్న పాత ఇంట్లో కట్టెల స్టవ్ ఉంది. ఏటా మనిషిని పిలిచి పొగగొట్టం శుభ్రం చేయించాలని అల్లుడు అంటున్నాడు. దండగ ఖర్చేమో అనిపిస్తోంది. రాత్రంతా సన్నసెగ మీద ఉంచితే కట్టెలు కూడా కలిసొస్తాయి కదా?
– విశ్రాంత ఉద్యోగి, అల్వాల్

జవాబు: ఆ సన్నసెగే కొంప ముంచేది. గాలి తగ్గించి పెడితే కట్టె సగమే కాలుతుంది. మిగిలిన తారులాంటి ఆవిరి పైకి వెళ్తూ చల్లటి గొట్టానికి పేరుకుంటుంది. పల్లెటూళ్లలో కట్టెల పొయ్యి పైన వాసాలకు పట్టే నల్లటి జిడ్డు మసి చూసే ఉంటారు, అదే జాతి. అక్కడ దాన్ని క్రియోసోట్ అంటారు. మొదట పొడి మసిలా ఉండి బ్రష్‌కు రాలుతుంది. తర్వాత పెచ్చులు కడుతుంది. చివరికి ముదురు పాకంలా గట్టిపడి మెరుస్తుంది, అప్పుడిక మామూలు బ్రష్‌కు లొంగదు. మూడు మిల్లీమీటర్ల మందం చేరితే శుభ్రం చేయించాల్సిందే. ఏడాదికోసారి తనిఖీ చేయించాలని అమెరికా అగ్ని భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 చెబుతోంది. మీ అల్లుడు చెప్పింది సబబే.

ఆ మసి అంటుకుంటే వేడి 1,100 డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదు. గొట్టం లోపలి మట్టి పూత పగిలి, వేడి గోడలోకి దిగుతుంది. అక్కడి ఇళ్లకు మనలా ఇటుక, స్లాబు కాదు, అస్థిపంజరమంతా చెక్కే.

కాబట్టి చిన్న మంటైనా చురుగ్గా మండాలి. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. అందుకు చీల్చిన కట్టెల్ని కనీసం ఆరు నెలలు కప్పు కింద ఆరబెట్టాలి. ఓక్ లాంటి గట్టి కట్టెకు ఏడాది పైనే పడుతుంది. రెండు మొద్దులు ఒకదానికొకటి కొట్టి చూడండి: ఆరినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లో, ఇంటికి దూరంగా, నేల మీద పెట్టాలి. చెక్క వరండాలో వద్దు, కాగితపు సంచిలో అసలే వద్దు. అడుగున నిప్పురవ్వలు రోజుల తరబడి బతికుంటాయి.

గొట్టంలో రైలు వెళ్తున్నట్టు హోరు వినిపిస్తే లోపల అంటుకున్నట్టే. స్టవ్ తలుపు, గాలి రంధ్రాలు మూసేసి, అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి. నీళ్లు పోయకండి, కాలిన ఇనుము, మట్టి పూత ఒక్కసారిగా పగులుతాయి. మంట ఆరినా, తనిఖీ అయ్యేదాకా ఆ స్టవ్ వెలిగించకూడదు. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: రూమ్ హీటర్ గంటసేపు వేస్తే ప్లగ్ నల్లబడుతోంది. హీటర్ పాడైందా?
– సైనిక్‌పురి

జవాబు: అనుమానించాల్సింది ముందు సాకెట్‌ను. 2,000 వాట్ల హీటర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని అడాప్టర్‌తోనో ఎక్స్‌టెన్షన్ బోర్డుతోనో 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే మాడక ఏంచేస్తుంది! గీజర్, ఏసీలకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్ వాడండి. అక్కడా నల్లబడితే లోపలి రేకులు వదులైనట్టు. సాకెట్, ప్లగ్ రెండూ మార్పించండి, ఒక్కటి మారిస్తే మాడిన రెండోది కొత్తదాన్నీ పాడుచేస్తుంది. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ పడిపోతోందని పెద్దది వేయించే పని మాత్రం చేయకండి. అప్పుడు గోడలో వైరు మాడుతుంది.

ప్రశ్న: నూనె ఎక్కువ కాగి, పోపు వేయబోతే మూకుడు అంటుకుంది. మంట వంటింటి చిమ్నీలోకి లాగేసింది. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?
– నల్లకుంట

జవాబు: గ్యాస్ కట్టేసి, మూకుడు మీద పళ్లెం బోర్లించి, చిమ్నీ స్విచ్ ఆపండి. ఫ్యాన్ తిరిగితే మంటను పైకి లాగుతూనే ఉంటుంది. నీళ్లు చల్లితే నూనె ఎగజిమ్మి మొహం మీద పడుతుంది. మూకుడును కదపకండి, చల్లారేదాకా మూత తీయకండి. మంట చిమ్నీ లోపల పట్టుకుంటే బయటికి వచ్చి 101కి చేయండి. వేపుళ్లు ఎక్కువ చేసే ఇంట్లో ఫిల్టర్లను రెండు వారాలకోసారి వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడగాలి. ఆటోక్లీన్ అయినా కింద నూనె చేరే గిన్నెను ఖాళీ చేయాల్సింది మీరే. గోడలోకి వెళ్లే గొట్టాన్ని కూడా సర్వీసు అతనితో విప్పించి చూడండి, వంపు దగ్గరే జిడ్డు ఎక్కువగా ఆగుతుంది.