ఊరి బయటి క్యాంపస్‌లో సీటు వస్తే చేరాలా?

తమ్ముడూ, ఒడిశాలోని గుణుపురం నుంచి అడిగావు కదా: ఆంధ్రాలో పెద్ద యూనివర్సిటీ మెయిన్ క్యాంపస్‌లో సీటు రాలేదు, వాళ్ళదే ఊరి బయట ఉన్న చిన్న క్యాంపస్‌లో వచ్చింది, పట్టాకు విలువ తగ్గుతుందా అని. నాదీ ఒడిశానే, పర్లాకిమిడి. 2005లో నాకూ ఇదే టెన్షన్.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ అనుకుంటే ఎచ్చెర్ల పీజీ సెంటర్‌లో ఎకనామిక్స్ సీటు వచ్చింది. శ్రీకాకుళం దాటాక హైవే పక్కన ఉంటుంది. "హైవే మీద ధాబా ఉంటుంది గానీ యూనివర్సిటీ ఏంట్రా?" అన్నారు మా నాన్న. అయినా చేరాను. ఎంట్రన్స్ ఒకటే, పట్టా మీద పేరూ ఒకటే. క్లాసు చిన్నది కాబట్టి సార్లకు మా పేర్లే కాదు, శనివారం మధ్యాహ్నం ఎవడు ఇంటికి చెక్కేస్తాడో కూడా తెలుసు. ప్రాజెక్టుకి పాత థీసిస్‌లు కావాలంటే మాత్రం పొద్దున్నే బస్సెక్కి వైజాగ్ వి.ఎస్.కృష్ణా లైబ్రరీకి వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేవాణ్ణి. మెయిన్ క్యాంపస్ వాళ్ళకన్నా నాకు ఎక్కువైన ఖర్చు ఆ బస్సు చార్జీలే. క్యాంపస్ గురించి నువ్వు ముఖ్యంగా కనుక్కోవాల్సింది, నీ డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ లెక్చరర్లు ఎందరున్నారో. హాస్టల్ సంగతీ అడుగు.

మన వైపు వాళ్ళకి అసలు చిక్కు క్యాంపస్‌తో కాదు, కాగితాలతో. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఇంట్లో తెలుగే. అయినా రాష్ట్ర సరిహద్దు గీతకి ఇవతల ఉన్నాం కాబట్టి ఆంధ్రాలో నాన్‌లోకల్. అక్కడ 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. నేను ఇంటర్ పాతపట్నంలో, డిగ్రీ టెక్కలిలో చదివాను గనక గట్టెక్కాను. డిగ్రీ ఆఖరి ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు చూపిస్తే లోకల్ కింద తీసుకున్నారు. ఇంకోటి, ఒడిశా కుల ధ్రువపత్రంతో ఆంధ్రాలో రిజర్వేషన్ రాదు. నా స్నేహితుడికి ఆ సంగతి కౌన్సెలింగ్ బల్ల ముందు నిలబడ్డాకే తెలిసింది. ఫీజు కట్టేముందే నువ్వు ఇవి తేల్చుకో.

2008లో ఆ సెంటరే డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. తర్వాత బరంపురంలో ఒక కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్తే, "చదివింది ఎచ్చెర్లలో అంటున్నావు, పట్టా మీద ఆంధ్రా యూనివర్సిటీ అనుంది, ఏది నిజం?" అన్నారు. రెండూ నిజమేనని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. ఎకనామిక్స్‌లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఉద్యోగం ఇచ్చారు.