గరిజెలు కాలుస్తారా, వేయిస్తారా?

సందేహం: మా పాప నాలుగో తరగతి. సంక్రాంతి గురించి రాయమంటే ‘మా అమ్మ గరిజెలు కాల్చింది’ అని రాసింది. టీచర్ దాన్ని కొట్టేసి ‘కజ్జికాయలు వేయించింది’ అని దిద్దారు. కాల్చడం అంటే నిప్పుల మీద చేసేదట, నూనెలో చేస్తే వేయించడం అనాలట. మేం చిన్నప్పటి నుంచి కాల్చుడే అంటున్నం. మాది తప్పా? గరిజె అని రాయొద్దా?
– ఒక తల్లి, హన్మకొండ

సమాధానం: తప్పు కాదమ్మా. పాప వాక్యంలో దిద్దాల్సింది ఒక్క అక్షరం కూడా లేదు.

ముందు కాల్చడం సంగతి చూద్దాం. నిప్పు నేరుగా తగిలితేనే కాల్చడం అనాలన్న నియమం తెలుగులో లేదు. దోసె కాలుస్తాం, అట్టు కాలుస్తాం, చపాతీ కాలుస్తాం. అవన్నీ పెనం మీదే, అదీ నూనె వేసి. ఆ వాడుకను ఏ ప్రాంతంవాళ్లూ తప్పు పట్టరు. పెనం మీది నూనెకు పనికొచ్చిన మాట కడాయిలోని నూనెకు ఎందుకు పనికిరాదు?

పైగా వేయించు అనే మాటకూ మూలంలో ఉన్నది వేడి, మంటే. వేగు, వేచు, వేపు, వేడి, వేసవి అన్నీ ఒక ధాతువు నుంచి వచ్చినవే. కాగు–కాచు, దాగు–దాచు, తూగు–తూచు ఉన్నట్టే వేగు–వేచు. తనంతట తాను జరిగితే ‘గు’, ఎవరైనా చేస్తే ‘చు’. పాత తెలుగులో వేగడమంటే కాలడం, తపించిపోవడం కూడా. ‘వీడితో వేగలేకపోతున్నా’ అని ఇప్పటికీ అంటున్నామంటే ఆ అర్థం ఇంకా బతికే ఉంది. కాబట్టి ఒకటి నిప్పుకు, ఒకటి నూనెకు అని గీత గీయడం కుదరదు.

గీత వేరే చోట ఉంది. మీ వంటింట్లోనే ఉంది. గరిజెలు చేసే రోజు మీ ఇంట్లో వినిపించే మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పల్లీలు, నువ్వులు నూనె లేకుండా కడాయిలో ‘వేంచుతరు’. పుట్నాల పొడి, చక్కెర, తురిమిన కుడుక (ఎండుకొబ్బరి), ఇలాచీ పొడి వాటితో కలుపుతారు. తడిపి పెట్టిన పిండిని చిన్న చిన్న పూరీలుగా ఒత్తి, చెక్కలో, అంటే అచ్చులో పరిచి, పొడి నింపి, అంచుకు తడి అద్ది మూస్తారు. నింపింది ఎక్కువైతే మూత సరిగా పడదు. నూనెలో వేయగానే నోరు తెరుచుకుని పొడంతా బయటికొచ్చి మాడుతుంది. అందుకే అంచు నొక్కే పనికి చెయ్యి తిరిగిన మనిషిని కూర్చోబెడతారు. ఆ తర్వాత సన్నని మంట మీద ‘కాలుస్తరు’. అదే రోజు కూరలోకి ఉల్లిగడ్డ తరిగితే దాన్ని మాత్రం కాల్చరు, వేంచరు. ‘గోలిస్తరు’.

అంటే మూడు పనులకు మూడు మాటలు. నూనె లేకుండా అయితే వేంచడం, కొద్ది నూనెలో పోపుకో కూరకో అయితే గోలించడం, పిండివంటను నూనెలో ముంచి చేస్తే కాల్చడం. పాఠ్యపుస్తకం తెలుగులో ఈ మూడింటికీ వేయించడం ఒక్కటే దిక్కు. ఎక్కువ తేడాలు చూపగలిగిన భాషను తక్కువ చూపే భాషతో దిద్దడం నాకు న్యాయంగా అనిపించదు.

కోస్తా వాళ్లు కూడా పండగ పనిని వేయించడం అనరన్నది ఇక్కడ గమనించాలి. వాళ్లు గారెలు వండుతారు, బూరెలు వండుతారు. వేయించడం అందులో ఒక మెట్టు మాత్రమే. ‘ఎర్రగా వేయించి తీయాలి’ అంటారు. మొత్తం పనికి ఆ మాట వాడేది అప్పడాలు, వడియాలు, జీడిపప్పు లాంటి ముందే తయారై ఉన్నవాటికి. మీ దగ్గర కాల్చడం మెట్టుకూ చెల్లుతుంది, మొత్తం పనికీ చెల్లుతుంది. ‘రేపు సకినాలు కాలుస్తున్నం, జర రా అక్కా’ అని పిలిస్తే ఆ అక్క కడాయి దగ్గర నిలబడటానికే కాదు, గుడ్డ మీద సకినాలు చుట్టడానికి కూడా వస్తుంది. కాబట్టి దిద్దిన వాక్యం కోస్తా వాడుకకూ పూర్తిగా అతకలేదు. అక్కడి పాప అయితే ‘మా అమ్మ కజ్జికాయలు చేసింది’ అనో, ‘వండింది’ అనో రాసి ఉండేది.

తెలంగాణ బయటివాళ్లు చదివే వంట పుస్తకమో, వీడియో కింద వివరణో రాస్తుంటే ‘నూనెలో కాల్చాలి’ అని రాయండి. ఒక్క మాట చేరిస్తే ఎవరికీ డౌటు రాదు. ఇంటి గురించి రాసే బడి వ్యాసంలో అదీ అక్కర్లేదు.

ఇక పేరు. కజ్జికాయ మంచి మాటే. సంస్కృతంలో ఖాద్యం, అంటే తినదగినది. ప్రాకృతంలో అది ఖజ్జ అయింది. తెలుగులో కజ్జమంటే పిండివంట. మనం తినే కాజా కూడా ఆ ఖాద్యం వంశమే. మీ దగ్గర పోలెలను (బొబ్బట్లను) బచ్చాలు అంటారు కదా, అవి భక్ష్యాలు. లక్ష్మి లచ్చి అయినట్టే భక్ష్యం బచ్చమైంది. రెండింటికీ మొదటి అర్థం ‘తినేది’ అనే. తర్వాత ఒక్కో తీపి వంటకు స్థిరపడ్డాయి. రాయలసీమలో కర్జికాయ అంటారు, కన్నడంలో కర్జికాయి, మరాఠీలో కరంజీ. ఈ వరసలో గరిజె ఎవరికీ తీసిపోదు. వరంగల్, కరీంనగర్ ఇళ్లలో పండక్కి చేసేది, ఆడపిల్ల సారెలో పెట్టేది గరిజెలే. పాప తిన్నదీ గరిజే. కజ్జికాయ అని రాయిస్తే తను ఇంట్లో ఎన్నడూ వినని మాట రాయించినట్టవుతుంది. అమ్మ మాట్లాడేది తప్పు తెలుగేమో అన్న అనుమానం ఆ వయసులో పడితే చాలాకాలం పోదు. నా బాధంతా దాని గురించే. టీచర్‌తో గొడవ పెట్టుకోవద్దు, ఈ సమాధానం చూపించి నెమ్మదిగా మాట్లాడండి. కజ్జికాయ అనే మాటను పాపకు అదనంగా నేర్పమనండి, గరిజెకు బదులుగా కాదు.

రాసేటప్పుడు ఏకవచనం గరిజె, బహువచనం గరిజెలు. తొందరలో గర్జెలు అని పలకడం మామూలే, మాటల్లో అలాగే ఉండనివ్వండి. రాతలో మాత్రం ‘రి’ నిలిపితే చదివేవాళ్లకు గర్జించడం గుర్తు రాదు. అచ్చును గరిజెల చెక్క అనే రాయొచ్చు.