కారు ఎక్కించే ముందు ఇది చదువు

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వా పాత కారుని ట్రెయిలర్ మీద వేసుకుని అంత దూరం బయల్దేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తుప్పు పట్టి పడున్నదాన్ని ఒక్కో నట్టూ విప్పి, బాగు చేసి, రోడ్డెక్కే స్థితికి తెచ్చావు. చాలా గర్వంగా ఉందిరా. కానీ ఆ కబురు విన్నప్పటి నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. మొత్తం బరువు తూకం వేయించి, నీ బండి అంత లాగగలదో లేదో మాన్యువల్‌లో చూసుకో. లైట్లు చూడు. సేఫ్టీ చైన్లు కప్లర్ (ట్రెయిలర్ ముందు కొసన బండికి తగిలించే భాగం) కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వెయ్యి. హిచ్ (బండి వెనక ట్రెయిలర్ తగిలించే చోటు) ఊడినా ట్రెయిలర్ ముక్కు రోడ్డుకి కొట్టుకోకుండా అవే పట్టుకుంటాయి. ట్రెయిలర్ టైరు అరగలేదని నమ్మకు. పక్కన నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి, చదువు. ఊరికే నిలబెట్టిన టైరు కూడా పాతబడి పగులుతుంది.

ఇక నా భయం సంగతి. నువ్వు పుట్టకముందు నా స్నేహితుడొకడు ఇలాగే ఒక పాత కారు తీసుకెళ్తుంటే పక్క సీట్లో నేనున్నాను. కారు షెడ్డులో గోడకి ముఖం పెట్టి ఉంది, ఇంజన్ స్టార్ట్ కాదు. బయటికి లాగి తిప్పడం ఎందుకని, డిక్కీ ముందుకొచ్చేలా విన్చ్‌తో (తాడు చుట్టి లాగే యంత్రంతో) అలాగే ఎక్కించేశాడు. అంటే ఇంజన్ బరువంతా ట్రెయిలర్ వెనక్కి పోయింది. మెల్లగా వెళ్లినంతసేపూ ఏమీ తెలియలేదు. ఏటవాలు రోడ్డులో వేగం పెరిగింది, పక్కనుంచి ఒక పెద్ద లారీ దాటింది. ఆ గాలికి ట్రెయిలర్ తోక ఒకసారి ఊగింది. మళ్లీ ఊగింది, ఈసారి ఇంకా ఎక్కువ. వాడు కంగారుపడి గట్టిగా బ్రేకు తొక్కాడు. వెనకున్న బరువు మా బండిని పక్కకి నెట్టేసింది. మాకు దెబ్బలతో పోయింది కానీ కారు ఛాసిస్ వంగిపోయింది. వాడు రోడ్డు పక్కన కూర్చుని దానివైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆ కారు జోలికి వెళ్లలేదు.

అందుకే అడుగుతున్నాను, హిచ్ మీద పడే బరువు కొలిచావా? ట్రెయిలరూ కారూ కలిపిన బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. మొత్తం 2,000 కిలోలైతే 200 నుంచి 300. తక్కువొస్తే కారుని కాస్త ముందుకి జరిపి మళ్లీ కొలువు. కంటితో చూసి సరిపోయిందనుకోకు, దయచేసి. ఒకవేళ ఊగడం మొదలైతే స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యి. బండి బ్రేకు తొక్కకు. ట్రెయిలర్ బ్రేకుకి విడిగా చేతి మీట ఉంటే దాన్ని మాత్రం మెల్లగా నొక్కు.

కారుని ట్రెయిలర్‌కి బిగించే బెల్టులు కారు యాక్సిల్‌కి (చక్రాల్ని కలిపే ఇరుసుకి) కట్టు. బంపరుకీ, స్టీరింగ్ రాడ్లకీ కట్టకు, బ్రేకు పైపులకి తగలనివ్వకు. పాతిక ముప్పై కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగించు, అప్పటికి వదులై ఉండొచ్చు. ఆగిన ప్రతిసారీ ట్రెయిలర్ ఒక్కో చక్రం నడిమధ్య ఉండే హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడు. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్ పోతోందనో, బ్రేకు పట్టేస్తోందనో అర్థం. కారు మీద గుడ్డ కవరు కప్పొద్దు. గాలికి కొట్టుకుని నువ్వంత కష్టపడి వేయించిన పెయింటు గీరుకుపోతుంది. పాత కార్ల తలుపులు కొన్ని వెనక వైపు కీలుతో ఉంటాయి, నీదీ అలాంటిదైతే గాలికి తెరుచుకోకుండా లోపల్నుంచి కట్టు.

తొందరపడి రాత్రిళ్లు నడపకు నాన్నా. ఒకరోజు ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనరు. హిచ్ దగ్గర తూకం ఎంత వచ్చిందో బయల్దేరే ముందు నాకు ఫోన్ చేసి చెప్పు. ఏ వేళైనా సరే, ఎత్తుతాను.

మీ మావయ్య