టెక్ సందేహాలు: హిస్ తీయబోతే గిటారే పోయింది

ప్రశ్న: మా బాబాయి 80ల్లో కాలిఫోర్నియాలో చదువుకునే రోజుల్లో ఎవరి దగ్గరో కాపీ చేయించుకున్న క్యాసెట్లు రెండు నా చేతికొచ్చాయి. 1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనాలో జరిగిన పింక్ ఫ్లాయిడ్ కాన్సర్ట్ అది. ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొని, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఓ ఏఐ సైట్‌లో రీమాస్టర్ చేశాను. హిస్ (టేపులో సన్నగా వినిపించే బుస) పోయింది కానీ పాట నీళ్లలోంచి వినిపిస్తున్నట్టుంది. ఒక ఫ్రెండ్ ఖరీదైన ఆడియో ప్లగిన్‌లను (శబ్దం సరిచేసే అదనపు సాఫ్ట్‌వేర్) డబ్బు కట్టకుండా వాడుకునే క్రాక్ లింక్ పంపాడు. అది వాడితే బాగవుతుందా? – ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ లింక్ ముట్టుకోకండి. ఎందుకో కింద తీరిగ్గా చెబుతాను, అక్కడ కొంచెం కోపంగా ఉంటే ఏమీ అనుకోకండి, ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు మరీ ఎక్కువయ్యాయి. క్యాసెట్ మారుతుంది, బ్యాండ్ మారుతుంది, ఫిర్యాదు మాత్రం అదే: ఏఐకి ఇచ్చా, పాడైంది.

ముందు ఓ మంచి మాట. ఆ రాత్రి కాన్సర్ట్ బాగా వినాలన్నదే మీ కోరికైతే ఇంత యాతన అక్కర్లేదు. జనంలో కూర్చుని దాన్ని రికార్డు చేసిన మైక్ మిల్లార్డ్ టేపును బ్రిటిష్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ శుభ్రం చేయగా, 'విష్ యు వర్ హియర్' యాభై ఏళ్ల ఎడిషన్‌లో 2025 డిసెంబర్‌లో అధికారికంగానే విడుదల చేశారు. దొంగచాటుగా పుట్టిన టేపు చివరికి కంపెనీ ముద్రతో బయటికొచ్చిందన్నమాట. మిల్లార్డ్ నడవగలిగిన మనిషే, అయినా కొన్ని షోలకి చక్రాల కుర్చీలో వచ్చి దాని అడుగున నకమిచి క్యాసెట్ రికార్డర్ దాచి, మంచి ఏకేజీ మైకులతో రికార్డు చేసేవాడు. అతని టేపులకు అంత పేరు రావడానికి కారణం తర్వాత ఎవరో వాడిన సాఫ్ట్‌వేర్ కాదు, లోపలికి వెళ్లిన శబ్దమే బాగుండటం. ఆ ఏప్రిల్‌కి అసలు ఆల్బమే రాలేదు, సెప్టెంబర్‌లో వచ్చింది. ఆ రాత్రి వాయించిన ఇంకో రెండు కొత్త పాటలైతే పేర్లు మార్చుకుని 1977లో 'యానిమల్స్'లో 'షీప్', 'డాగ్స్'గా తేలాయి. అలాంటి రాత్రిని పట్టుకున్న క్యాసెట్ కాబట్టి, కాపీకి కాపీ అయినా, దాచుకోవాలనిపించడం సహజమే.

ఇక మీ పని ఎక్కడ చెడింది? ఏఐ దగ్గరే కాదు, అంతకు ముందే, ఆ ప్లేయర్ దగ్గర. చేతిలో పట్టే సైజులో, తక్కువ ధరకి వచ్చే ఈ యూఎస్‌బీ క్యాసెట్ డబ్బాలంటే నాకు ఒళ్లు మంట. చాలావాటిలో మోటారు నిలకడగా తిరగదు, హిస్ తగ్గించే డాల్బీ ఉండదు, పైగా పాట నెమ్మదించగానే వాల్యూమ్ దానంతట అదే పెంచేసే సర్క్యూట్ ఒకటి పెడతారు. మెత్తని గిటార్ వచ్చినప్పుడు హిస్ బుసకొట్టి, డ్రమ్ పడగానే అంతా నొక్కుకుపోతుంది. అలా ఊగిన శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పూర్తిగా సరిచేయలేదు. తెలిసినవాళ్ల ఇంట్లో మూలన పడున్న పాత క్యాసెట్ డెక్ ఏదైనా ఉంటే అడిగి తెచ్చుకోండి, బెల్టు మార్పించండి, హెడ్ శుభ్రం చేయండి. తర్వాత హెడ్ పక్కనుండే చిన్న స్క్రూ. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే హెడ్ కోణం మారుతుంది, దాన్నే అజిమత్ అంటారు. పాటను మోనోలో పెట్టి వింటూ తిప్పండి, తాళాల మోత ఎక్కడ బాగా తెరుచుకుంటే అక్కడ ఆపండి. సరిగ్గా కుదిరితే ఆ ఒక్క స్క్రూ ఇచ్చే తేడా నెలకింత కట్టే ఏ యాప్ కూడా ఇవ్వదు, నేను పందెం కాస్తాను.

24-బిట్‌లో, పీక్‌లు (శబ్దం బాగా పెరిగే చోట్లు) మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఎక్కించండి. ఎక్కిస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయండి, కరెంటు నుంచి గుయ్‌మనే హమ్ కలిసే అవకాశం తగ్గుతుంది. ఇంకా హమ్ వినిపిస్తే అది ఎక్కడిదో తెలుసుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60. స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో సాఫ్ట్‌వేర్ చూపే బొమ్మలో) 50 దగ్గర గీత కనిపిస్తే ఆ హమ్ మీ ఇంటిది, పింక్ ఫ్లాయిడ్‌ది కాదు, వైర్లు సర్దుకుని మళ్లీ ఎక్కించండి. 60 చుట్టుపక్కల ఉంటే అది అక్కడి నుంచి టేపులోనే వచ్చింది, దాన్ని తీసేయడానికి తొందరపడకండి, ముందు వాడుకోండి. ఆ గీత 61.2 దగ్గరుంటే టేపు 2 శాతం వేగంగా తిరుగుతోందని అర్థం, అంతమేర తగ్గించండి. అయితే ఆ హమ్ కాన్సర్ట్‌లోదా, తర్వాత కాపీ చేసినవాళ్ల డెక్‌దా అన్నది అదొక్కటే చూసి చెప్పలేం. అందుకే అధికారిక విడుదల పక్కన పెట్టి శ్రుతి కలిసిందో లేదో చెవితో కూడా చూసుకోండి.

హిస్ సంగతి. ఆడాసిటీలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. నాయిస్ రిడక్షన్ 4 నుంచి 6 డెసిబెల్స్ మించి పెట్టొద్దు. అందులోనే తీసేసిన శబ్దాన్ని విడిగా వినిపించే ఆప్షన్ ఉంటుంది, దాన్ని తప్పకుండా వినండి. ఆ చెత్తలో ఎక్కడైనా పాట వినిపిస్తే మీరు పాటను కోస్తున్నట్టే. మీరు వాడిన ఏఐ సైట్ బహుశా మనుషుల మాట కోసం తయారైంది. అలాంటివాటికి సాగదీసిన గిటార్ స్వరం, హాలు ప్రతిధ్వని, చప్పట్లు అన్నీ చెత్తగానే కనిపిస్తాయి.

"మరి బీటిల్స్‌వి ఏఐతో చేశారుగా?" అని అడుగుతారు, ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. హాలీవుడ్ బౌల్ కాన్సర్ట్‌లు 1964, 65లలో కంపెనీయే మూడు ట్రాకుల టేపు మీద రికార్డు చేసింది. 2016లో లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియో వాళ్లు ఆ అభిమానుల కేకల అడుగు నుంచి పాటను పైకి లాగారంటే చేతిలో మాస్టర్ టేపు ఉంది, వినగలిగే చెవులున్నాయి. మన దగ్గరున్నది కాపీకి కాపీ, నొక్కడానికి ఏఐ సైట్‌లో ఒక్క మీట.

ఇప్పుడా క్రాక్ లింక్. మా మిత్రుడి కొడుకు పోయిన ఏడాది సరిగ్గా ఇలాంటిదే దించుకున్నాడు. పాస్‌వర్డ్ ఉన్న జిప్ ఫైల్, పక్కన ఓ నోట్‌ప్యాడ్‌లో సూచన: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆఫ్ చేయండి, అది పొరపాటున వైరస్ అంటుంది అని. జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు? స్కానర్ లోపలికి తొంగి చూడకుండా. దొంగ వచ్చి కుక్కను కట్టేయమంటే కట్టేసి తలుపు కూడా మనమే తీశామన్నమాట. ప్లగిన్ పనిచేసింది కూడా, అదే మోసం. పనిచేసింది కాబట్టి అనుమానం రాలేదు. ఈలోగా బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లూ, లాగిన్ అయి ఉన్న సెషన్ కుకీలూ నిమిషాల్లో వెళ్లిపోయాయి. చాలామందికి అర్థంకానిది ఈ కుకీల సంగతే. "నాకు ఓటీపీ ఉందిగా" అంటారు. ఓటీపీ లాగిన్ అయ్యేటప్పుడు అడుగుతుంది, వాడు ఎత్తుకుపోయింది మీరు అప్పటికే లాగిన్ అయిన స్థితిని, ఇక వాణ్ణి అడిగేదెవరు? మెయిల్ పోయింది, మెయిల్ పట్టుకుని మిగతావన్నీ పోయాయి, రెండు రోజులకి ఆ పిల్లాడి పేరుతో బంధువులందరికీ డబ్బు అడుగుతూ మెసేజ్‌లు వెళ్లాయి.

ఇప్పటికే దించేసి ఉంటే, ఆ కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చకండి, కొత్తవి కూడా వాడికే వెళ్తాయి. వేరే ఫోన్ నుంచి అన్ని సెషన్‌లూ సైన్ అవుట్ చేసి, ఆ తర్వాత మార్చండి. విండోస్ మొత్తం తుడిచి మళ్లీ వేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆడాసిటీని కూడా సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కి దించుకోకండి, అసలు సైట్‌కే వెళ్లండి.

ప్రశ్న: మొన్న ఓ రాక్ షో ఫోన్‌లో రికార్డు చేశాను. బేస్ వచ్చినప్పుడల్లా పగిలిపోతోంది, పాట మధ్యలో ఆర్గాన్ మాయమైపోయింది. బాగుచేయొచ్చా? – ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పగిలినదాన్ని డీక్లిప్ (పగిలిన శబ్దాన్ని అతికే సాఫ్ట్‌వేర్ సదుపాయం)తో కొంత అతకొచ్చు, మాయమైన ఆర్గాన్ మాత్రం రాదు. మీ ఫోన్ దాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని తీసేసింది. నిలకడగా మోగే శబ్దాన్ని చాలా ఫోన్లు నాయిస్ అనుకుంటాయి, తంబురానైనా సరే. దీన్ని ఆపే స్విచ్ నిరుడు సెట్టింగ్స్‌లో ఓ చోట ఉంటే ఈ ఏడాది అప్‌డేట్ తర్వాత ఇంకోచోట ఉంటుంది, కొన్నింట్లో అసలుండదు. యాభై ఏళ్ల కిందటి క్యాసెట్ రికార్డర్‌కి లెవెల్ తిప్పే మీట ఉండేదండీ, ఇప్పుడు జేబులో లక్ష రూపాయల వస్తువు పెట్టుకుని ఆ మీట కోసం వేరే యాప్ వెతుక్కోవాలి. వెతుక్కోండి మరి: గెయిన్ (మైకు పట్టుకునే శబ్దం లెవెల్) చేత్తో తగ్గించే వీలుండి, వేవ్ ఫార్మాట్‌లో, "ప్రాసెసింగ్ లేకుండా" రికార్డు చేసేది. షో మొదలవకముందు కాదు, మొదటి పాటలో డ్రమ్స్ పడ్డాక లెవెల్ సరిచేసుకుని వదిలేయండి. రికార్డింగ్‌కి ముందు నిర్వాహకులు ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి, చక్రాల కుర్చీ ఐడియా మాత్రం నేనివ్వలేదు.

విజయవాడ పాఠకుడికి ఒకటి చెప్పడం మరిచాను. ఎక్కించిన అసలు ఫైల్‌ను ఏ మార్పూ చేయకుండా రెండు చోట్ల దాచండి, క్యాసెట్‌ను పారేయకండి, మీ పనంతా కాపీ మీదే చేయండి. ఏఐ సైట్ ఇచ్చినదాన్ని ఉంచుకుని అసలుది డిలీట్ చేసేశానని మీ ఉత్తరంలో చివరి లైన్‌లో ఉంది, దాన్ని ఇక్కడ వేయలేదు. క్యాసెట్ ఉంది కదా, మళ్లీ మొదలుపెట్టండి.