ప్లేటు కాదు, పుట్టుమచ్చలు చూడండి

మీ మిత్రుడికి సిడ్నీలో ఒకాయన ఫోర్డ్ సియెర్రా ఆర్‌ఎస్500 రేసు కారు షెల్ (ఖాళీ బాడీ) అమ్ముతానంటున్నాడు. ఇంజిన్ లేదు, 1988లో ఆస్ట్రేలియాలో పేరున్న బాథర్స్ట్ రేసులో పరుగెత్తిందంటున్నాడు, చాసిస్ ప్లేటు (కారు నంబరు కొట్టిన రేకు) కూడా ఉంది, నమ్మొచ్చా అని మీ ప్రశ్న. ప్లేటు చూసి మాత్రం నమ్మకండి. రెండు రివెట్లు ఊడబీకితే అది ఇంకో కారెక్కుతుంది, పది నిమిషాల పని.

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ, శనివారాలు పాత రేసు కార్లు బాగుచేసే షెడ్డులో గడుస్తాయి. నాలుగేళ్ల కిందట అక్కడికి ఇలాంటి సియెర్రానే వచ్చింది. పేరున్న టీమ్ కారని చెబితే ఓనరు మంచి ధరకే కొన్నాడు. నేనూ ఆ మాటే పట్టుకుని, ఆ టీమ్ ఫోటోలన్నీ పోగేసి రెండు నెలలు తగలేశాను. సరిపోలనివి కనిపిస్తున్నా, "తర్వాత మార్చి ఉంటారులే" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సియెర్రాలతో చిక్కేమిటంటే నంబరు సాయం చేయదు. గ్రూప్ ఎ (రోడ్డు కార్లనే రేసుకు మలిచే తరగతి) నిబంధనల కోసం 1987లో ఫోర్డ్ 500 ఆర్‌ఎస్500 రోడ్డు కార్లు తయారుచేసింది, అన్నీ కుడి స్టీరింగ్‌వే. కానీ రేసు టీమ్‌లు వాటిలోంచే ఒకటి కొనాలని లేదు. ఫోర్డ్ మోటార్‌స్పోర్ట్ విభాగం ఖాళీ షెల్‌లు అమ్మేది, వాటి మీద మామూలు చాసిస్ నంబరు ఉండదు. అందుకే నంబరు లేదు కాబట్టి నకిలీ అనడం కూడా తప్పే. 1987లో బాథర్స్ట్‌కి వచ్చిన స్విట్జర్లాండ్ టీమ్ ఎగెన్‌బర్గర్ సియెర్రాలైతే ఎడమ స్టీరింగ్‌వి, కాబట్టి స్టీరింగ్ ఏ వైపుందో చూసీ తేల్చలేం. పైగా ఆస్ట్రేలియాలో ఫోర్డ్ సియెర్రాను షోరూముల్లో అమ్మనే లేదు, కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితాల దారీ మూసుకున్నట్టే.

ఇంకో తలనొప్పి, కారు గట్టిగా గుద్దుకుంటే షెల్ మార్చేసేవాళ్లు. పాతది ఏ మూలనో పడి ఉంటుంది, ముప్పై ఏళ్లకు ఎవరో దాన్ని నిలబెడతారు. అప్పుడు ఒకే చరిత్రకు రెండు కార్లు. ఇద్దరు ఓనర్లూ నిజమే చెబుతుంటారు, కొట్టుకుంటూనే ఉంటారు.

మన పదో తరగతి సర్టిఫికెట్‌లో రెండు పుట్టుమచ్చలు రాస్తారు కదా, రేసు కారుకూ అవే దిక్కు. రేడియో యాంటెన్నా కోసం పైకప్పుకు వేసిన చిల్లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ బిగించిన చోటు, రోల్ కేజ్ (కారు బోల్తాపడితే డ్రైవర్‌ని కాపాడే చట్రం) గొట్టాలు కలిసే మూలల్లో వెల్డింగ్, సుత్తితో సరిచేసిన ఫ్లోర్. వీటినెవరూ నకలు చేయరు, ఉన్నాయనే తెలియదు కాబట్టి. మా కారుకు పైకప్పు చిల్లు మధ్యలో కాకుండా బెత్తెడు పక్కకుంది, పైన పుట్టీ పెట్టి పూడ్చేశారు. తలుపు అంచున నీళ్లు పోస్తూ ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దితే తెలుపు కింద నీలం, నీలం కింద పసుపు బయటపడ్డాయి. ఆ పేరున్న టీమ్ ఫోటోల్లో పసుపు కారు ఒక్కటీ లేదు. నా రెండు నెలలూ అక్కడే ఆవిరి.

అప్పుడు వెనక నుంచి మొదలుపెట్టాను, అంటే టీమ్ పేరు పక్కనపెట్టి కారు మీది గుర్తులు పట్టుకుని వెతికాను. బాథర్స్ట్ టీవీ ప్రసారంలో 1979 నుంచే కార్ల లోపల కెమెరాలు పెట్టేవాళ్లు. మీ కారులో పెట్టి ఉంటే అదృష్టమే, స్విచ్‌ల వరుస కూడా కనిపిస్తుంది. మాకు ఆ భాగ్యం లేదు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ల ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో కాన్‌బెరా టైమ్స్ పత్రిక 1995 దాకా ఉచితంగా వెతకొచ్చు. ఏ రేసులో ఎవరు గుద్దుకున్నారో తెలిస్తే, కారులో ఆ దెబ్బ కోసం చూడొచ్చు. అలా వెతుకుతూ సొంత డబ్బుతో పరుగెత్తిన ఒక చిన్న టీమ్ దగ్గరికి చేరాను. వాళ్ల పాత మెకానిక్‌కి డెబ్భై దాటాయి. పైకప్పు ఫోటో పంపితే, "ఆ చిల్లు నాదే, కొలత తప్పాను, ఓనరు తిట్టాడు" అని జవాబిచ్చాడు. ఆయన దగ్గరే ఆ కారు లాగ్ బుక్ (తనిఖీల రికార్డు పుస్తకం) జిరాక్సు కూడా దొరికింది.

మీ మిత్రుడు కూడా ముందు అడగాల్సింది ఆ లాగ్ బుక్కే. అప్పట్లో క్యామ్స్ అనే సంస్థ (ఇప్పటి మోటార్‌స్పోర్ట్ ఆస్ట్రేలియా) ఇచ్చేది, రేసుల ముందు తనిఖీ చేసినవాళ్లు అందులో రాసేవాళ్లు. లాగ్ బుక్ పోయిందంటే ధర తగ్గాలి, కథ పెరగకూడదు. షెల్ చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చితో పాటు చిన్న అయస్కాంతం తీసుకెళ్లమనండి. పైకప్పు మీద నెమ్మదిగా జరుపుతూ పోతే, అది పట్టుకోని చోట పుట్టీ ఉన్నట్టు. అక్కడ లోపలి వైపు నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.